‘నిల్’ అని రాసిన గడి

నా దస్తూరీ బాగుంటుంది. గొప్పకు చెప్పడం లేదు, తప్పు ఎక్కడ మొదలైందో చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. పదో తరగతితో చదువు ఆగిపోయినా గుండ్రంగా రాసే చెయ్యి మాత్రం మిగిలింది. నాచారంలో మందుబిళ్లల కంపెనీ ప్యాకింగ్ హాల్లో చేరిన కొన్నాళ్లకే రిజిస్టర్లు నా చేతికి వచ్చాయి.

మా పనిలో రాతకు రెండు సూత్రాలున్నాయి. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు, రాయడానికి ఏమీ లేకపోతే ‘నిల్’ అని రాయాలి. ఇక రెండోది, తప్పు రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు, తెల్లరంగు పూయకూడదు. అడ్డంగా ఒక్క గీత గీయాలి. గీత కింద ముందు ఏం రాశారో కనబడాలి. పక్కన సరైనది రాసి, తప్పు రాసినవాళ్లే సంతకం పెట్టి తేదీ వెయ్యాలి. మొదటి సూత్రం నిద్రలో లేపి అడిగినా చేసేదాన్ని. రెండోది నా సొంత బతుకులో చెయ్యడానికి ప్రాణం మీదికి రావలసి వచ్చింది.

ఏడాదికోసారి కంపెనీలో ఆరోగ్య పరీక్ష పెడతారు. ఆ కాగితంలో ఒక గడి ఉంటుంది. ఏదైనా మందు పడకపోవడం, దద్దుర్లు, ఆయాసం ఉన్నాయా అని. మా లైనులో ఆడవాళ్లంతా తమ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టేవాళ్లు. నేను అందరికీ వరసగా ‘నిల్’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేదాన్ని. ఎందుకంటే మా సెక్షన్‌లో కట్టేది చీముకూ జ్వరానికీ వాడే మందు. దాని పొడి కొందరికి పడదు. పడలేదని కాగితంలో రాసిన మా లైను అనసూయమ్మను సెక్షన్ నుంచి తీసేశారు. వేరేచోట ఖాళీ రాగానే పిలుస్తామని ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ పిలుపు రాలేదు. ఆ తర్వాత ఎవరూ ఉన్నది ఉన్నట్టు రాయించలేదు.

నాకూ ఆ పొడి పడలేదు. ఇప్పుడు చెప్పబోయే స్కాన్‌కు ఆరేళ్ల ముందు సంగతి. ఒకరోజు షిఫ్టు సగంలో చేతుల మీద దద్దుర్లు లేచాయి. సాయంత్రానికి కళ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. మా ఆయన మల్లేశం బండి మీద ఇంటికి తీసుకుపోతూ, గేటు దగ్గర నా కొంగు నా మొహం మీదికి లాగాడు. “ఎవలడిగినా తేనెటీగ గుట్టిందని చెప్పు,” అన్నాడు. చెప్పాను. అప్పటినుంచి చేతులకు రెండు జతల గ్లోవులు, ముక్కుకు రెండు మాస్కులు. చాలా పద్ధతిగల మనిషినని సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు కూడా.

ఏప్రిల్, 2011

నడుముకు ఎడమవైపు నొప్పి మొదలై రెండు నెలలైంది. నిలబడి చేసే పని, నడుంనొప్పి ఎవరికి ఉండదులే అనుకున్నాను. మూత్రంలో ఎర్రచార కనబడిన రోజు మాత్రం సెలవు పెట్టాను. ఉప్పల్ చౌరస్తా దగ్గర పొట్ట స్కానింగ్ తీసినావిడ తెరవంక చాలాసేపు చూసింది. ఎడమ కిడ్నీ మీద గడ్డ ఉందని, అదేమిటో తేలాలంటే నరంలోకి డై అనే మందు ఎక్కించి తీసే పెద్ద స్కాన్ కావాలని రాసిచ్చింది.

మల్లేశం పనిచేసిన ఇంజనీరింగ్ కంపెనీ అప్పటికి రెండేళ్ల కిందటే మూతపడింది. బోడుప్పల్‌లో కడుతున్న అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటున్నాడు. అమ్మాయి ఇంటర్ చదువుతోంది. నెల తిరిగితే నమ్మకంగా వచ్చే జీతం నాదొక్కటే. స్కాన్‌కు కంపెనీ ఇచ్చిన చీటీ మీదే వెళ్లాం. అంటే అక్కడి కాగితాల నకళ్లు మా ఆఫీసుకు పోతాయి.

స్కాన్ సెంటర్లో అందరం పొద్దుటినుంచి ఏమీ తినకుండా కూర్చున్నాం. నా పక్కన ఒక పెద్దాయన, ఇది తనకు ఐదోసారని, వేడిగా అనిపించడం తప్ప ఏమీ కాదని ధైర్యం చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. నాకంటే ముందు లోపలికి వెళ్లి, నవ్వుకుంటూ బయటికి వచ్చి, బిస్కెట్లు తిని వెళ్లిపోయాడు. డై అంటే పేరు వినగానే పారిపోవలసిందేమీ కాదని నేను చెప్పేది ఆయన్ని చూసే.

నాకు ఒక కాగితం ఇచ్చారు. ఆయాసం ఉందా, షుగర్ ఉందా, ఇదివరకు డై పడకపోవడం ఉందా, ఇంకేదైనా మందు పడకపోవడం ఉందా. నాలుగు గడులు. నాలుగింటిలోనూ ‘నిల్’ అని రాశాను. నాలుగోదాని దగ్గర కలం ఒక్క క్షణం కూడా ఆగలేదు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే. అబద్ధమని తెలిసి రాసినా బాగుండేది, కనీసం మనసుకు గుర్తుండేది. నేను రాసేటప్పుడు మా అమ్మాయి పరీక్షల గురించి ఆలోచిస్తున్నాను. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

స్కాన్ తీసే అబ్బాయి మంచివాడు. చేతికి సూది పెట్టి, “డై పోతున్నప్పుడు ఒళ్లంత గరమైతది అమ్మా. మూత్రం పోయినట్టు కూడ అనిపిస్తది. అది అందరికయ్యేదే, భయపడకు,” అన్నాడు. గాజు తలుపు అవతలికి వెళ్లి మిషను నడిపాడు.

వేడి వచ్చింది. గొంతులో మొదలై పొట్టలోకి, తొడల్లోకి దిగింది. నోట్లో రాగిచెంబు నాకినట్టు రుచి. ఇదంతా అందరికీ అయ్యేదేనని కళ్లు మూసుకున్నాను. తర్వాత అరచేతులు దురద పెట్టాయి. ఇదీ అందరికీ అయ్యేదే కాబోలు అనుకున్నాను. చెవుల వెనక దురద, నాలుక దళసరిగా అయింది. ఊపిరి బిగబట్టమని మిషను చెప్పింది. బిగబట్టాను. వదలమంది. వదిలి మళ్లీ తీసుకోబోతే గాలి లోపలికి రాలేదు.

కేక వేద్దామంటే గొంతులోంచి శబ్దం రాలేదు. కదలొద్దన్నారని కాసేపు కదలకుండానే ఉన్నాను. ఇంత బుద్ధిమంతురాలిని ఎక్కడైనా చూశారా? చచ్చేటప్పుడు కూడా చెప్పిన మాట వింటున్నాను. చివరికి చెయ్యి ఎత్తాను. గాజు వెనకనుంచి ఆ అబ్బాయి కదలొద్దని మైకులో అన్నాడు, అంతలోనే నా చేతి మీది ఎర్రటి మచ్చలు చూసి కుర్చీ తోసుకుని లేచాడు.

తర్వాతిది ముక్కలు ముక్కలుగా గుర్తుంది. తొడలో సూది పొడిచారు. మొహం మీద ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఒక డాక్టరమ్మ నా పేరు గట్టిగా పిలుస్తూనే ఉంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే బల్ల కూడా వణుకుతోందనిపించింది. చల్లబడిపోయిన నా పాదాలను ఎవరో రెండు చేతులతో రుద్దుతున్నారు. అక్కడ నేల తుడిచే ఆయమ్మ అని తర్వాత తెలిసింది. ఎవరూ చెప్పకుండానే చీపురు పక్కన పెట్టి వచ్చిందట. ఆ చేతుల వెచ్చదనం పట్టుకునే నేను ఉన్నాను. ఆమె పేరు అడగలేదు, ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మధ్యాహ్నానికి ఊపిరి కుదురుకుంది. డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. డై పడలేదని, ఇలా కొందరికి మాత్రమే అవుతుందని చెప్పి, ఇంతకుముందు వేరే ఏ మందుకైనా ఇట్లా అయిందా అని అడిగింది. నేను మల్లేశం వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు.

“ఎప్పుడు కాలేదు మేడం,” అన్నాడు.

ఆమె రాసుకుంది. డై దగ్గర ఎర్ర సిరాతో ‘పడదు’. మిగతా మందులకు, నేను రాసిన ‘నిల్’ అలాగే ఉండిపోయింది.

మే నుంచి ఆగస్టు దాకా

స్కాన్ సగంలోనే ఆగిపోయింది కాబట్టి గడ్డ ఏమిటో తేలలేదు. మళ్లీ ఏదో ఒకటి చెయ్యాలి. నేను మాత్రం ఎండలు తగ్గాక చూద్దామన్నాను, తర్వాత అమ్మాయి కాలేజీ మొదలయ్యాక అన్నాను. మా వదిన, అంటే మల్లేశం అక్క, జనగామ దగ్గరి ఊరినుంచి వచ్చి ఇంట్లో వంకాయ, గోంగూర, చేపలు అన్నీ బంద్ చేసింది. పడకపోవడమంటే వంకాయేనని ఆమె గట్టి నమ్మకం. వంకాయ ఏ పాపమూ ఎరగదని నాకు, మల్లేశానికి తెలుసు. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకుని సొరకాయ తిన్నాం.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నేను దగ్గితే అతను ఉలిక్కిపడేవాడు. టీ వేడిగా గొంతులోకి దిగితే నాకు ఆ డై వేడే గుర్తొచ్చి గ్లాసు కింద పెట్టేదాన్ని. ఒకరోజు కోపం ఆపుకోలేక, డాక్టరమ్మ దగ్గర ఎందుకట్లా చెప్పావని అడిగాను. నువ్వు రాసిందే నేను చెప్పిన అన్నాడు. ఆ రోజు అన్నం వండాను గానీ ఇద్దరం సరిగా తినలేదు.

జూలైలో మూత్రంలో మళ్లీ రక్తం పడింది. ఈసారి కిడ్నీల పెద్దడాక్టరు దగ్గరికి వెళ్లాం. వయసు మళ్లిన మనిషి, మాట నెమ్మది. “గడ్డ ఏందో తెల్వకుండ కిడ్నీ తీసుడు నాకిష్టం లేదు. తెల్వకుండ వదిలేసుడు కూడ ఇష్టం లేదు,” అన్నాడు. వేరే రకం డైతో, ముందురోజే మాత్రలు మింగించి, పక్కన డాక్టర్లను నిలబెట్టి మళ్లీ తీయిస్తానన్నాడు. మూత్రంలో చీము కూడా ఉంది కనుక దానికి సూదిమందు ఇస్తామన్నాడు. వేరే మందులేమైనా పడకపోతే బాగా గుర్తు చేసుకుని చెప్పమన్నాడు. గుర్తు చేసుకుంటానని వచ్చేశాను. ఆరేళ్లు మర్చిపోనిదాన్ని ఏం గుర్తు చేసుకోవాలో!

ఇంతలో కంపెనీలో ఆరోగ్య పరీక్ష కాగితాలు వచ్చాయి.

మా లైనులో నా పక్కన నిలబడేది యాదమ్మ. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. నాకంటే పదేళ్లు చిన్నది. ఆ వానాకాలం మొదలైనప్పటినుంచి ఎంత ఉక్కపోసినా పొడుగుచేతుల జాకెట్టు విప్పడం లేదు. నేను గమనించాను. అడగలేదు. కాగితం తెచ్చి నా ముందు పెట్టి, “నీకేమైందో నాకు ఎరుకే అక్కా. నాది మాత్రం నిల్ రాయి,” అంది.

రాశాను. గొంతు మూసుకుపోవడం అంటే ఏమిటో తెలిసి నాలుగు నెలలు కూడా కాలేదు, మళ్లీ అదే చేత్తో రాశాను. ఈసారి ముత్యాల్లాంటి అక్షరాలు కొంచెం వంకరపోయాయి. నా కాగితం మీద కూడా అదే రాసుకున్నాను. ఇంటికి పోయే బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు.

సెప్టెంబర్

తెలంగాణ కోసం సమ్మె చేస్తున్న రోజులు. బస్సులు లేవు. ఉప్పల్ డిపోలో బస్సులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. మల్లేశం బండి మీదే ఆస్పత్రికి బయలుదేరాం. ముందురోజు సాయంత్రంనుంచి డాక్టరు రాసిన మాత్రలు టైము ప్రకారం మింగాను. నోరంతా చేదు, కడుపులో మంట. రామంతాపూర్ దగ్గర మల్లేశం బండి ఆపి, “నీళ్లు తాగుతవా?” అన్నాడు. తాగకూడదన్నారు కదా అన్నాను. మర్చిపోయిన అన్నాడు. అతనికి నాకంటే ఎక్కువ భయంగా ఉందని అప్పుడు తెలిసింది.

లోపల మంచం మీద పడుకోబెట్టి చేతికి సూది పెట్టారు. స్కాన్‌కు ఇంకా గంట ఉంది. ఈలోపు చీముకు రాసిన సూదిమందు ఇస్తానని నర్సు ట్రేలో ఒక చిన్న సీసా తెచ్చింది. కేరళ పిల్ల, తెలుగు మెల్లగా మాట్లాడుతుంది. ఫైలు తిప్పి, “డై తప్ప వేరే మందులు అన్నీ పడతాయి కదా? నిల్ అని ఉంది,” అంది.

సీసా మీది పేరు నేను పడుకున్నచోటినుంచే చదివాను. ఆ పేరు నాకు చదవక్కర్లేదు. రోజంతా నా కళ్లముందు బెల్టు మీద నడిచే పేరే అది. బిళ్లగా వచ్చేది ఇక్కడ సూదిమందుగా వచ్చింది. నా కళ్లు మూసుకుపోయేలా చేసిన మందు, పొడి తగిలితేనే అంత చేసింది, ఇప్పుడు నేరుగా నరంలోకి వెళ్లబోతోంది. నేను ఏప్రిల్‌లో రాసిన ఒక్క ‘నిల్’ కాగితం నుంచి కాగితానికి నడుచుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది.

మల్లేశం కూడా చదివాడు. ఏళ్ల తరబడి నా యూనిఫాం జేబుల్లో దొరికే రేకుముక్కల మీద చూసిన పేరే. అతను గోడ పట్టుకున్నాడు.

ఒక్క మాట చెబితే సెక్షన్ పోతుంది. జీతం పోవచ్చు. అమ్మాయి చదువు ఆగవచ్చు. ఇన్ని ఆలోచనలు వచ్చాయని రాస్తే బాగుంటుంది కానీ, నిజానికి అప్పుడు నాకు గుర్తొచ్చింది గాలి రాకపోవడం ఒక్కటే. నర్సు మూత విరిచింది.

“ఆగమ్మా,” అన్నాను. “అది నాకు పడదు. నేను అబద్ధం రాసిన.”

ఆమె చెయ్యి ఆగిపోయింది. అప్పుడు మల్లేశం నేలవంక చూస్తూ, “తేనెటీగ కాదు సిస్టర్,” అన్నాడు. ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి.

డాక్టరు వచ్చాడు. ఆరేళ్ల సంగతి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆ మందు పడకపోవడానికీ డై పడకపోవడానికీ సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చన్నాడు. తెలిసుంటే మొదటిసారే జాగ్రత్త పడేవాళ్లమన్నాడు. ట్రేలోని సీసా చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, “ఇది మాత్రం మీరు తట్టుకునేటోళ్లు కాదమ్మా,” అన్నాడు.

నేను కలం అడిగాను. స్కాన్ సెంటర్‌నుంచి తెచ్చిన ఏప్రిల్ నాటి కాగితం ఆ ఫైల్లోనే ఉంది. నాలుగో గడిలోని ‘నిల్’ మీద అడ్డంగా ఒక్క గీత గీశాను. పక్కన ఆ మందు పేరు రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. చేతికి సూది ఉండటంతో అక్షరాలు కోడిగీతల్లా వచ్చాయి. నా జీవితంలో అంత వికారంగా ఎప్పుడూ రాయలేదు.

స్కాన్ గదిలో ఈసారి నేను ఒంటరిగా లేను. ఒక మత్తుడాక్టరు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కిరణాలు తగలకుండా బరువైన కోటు వేసుకుని ఆ నర్సు నా తలవైపు నిలబడి, ఏం అనిపించినా వెంటనే చెయ్యి ఎత్తమంది, అది అందరికీ అయ్యేదే అయినా సరే. వేడి వచ్చింది. రాగి రుచి వచ్చింది. అరచేతులు దురద పెడతాయేమోనని ఎదురుచూశాను. మెడ మీద నాలుగు దద్దుర్లు లేచాయి, చెప్పాను, చూశారు. గాలి ఆడుతూనే ఉంది. ఊపిరి వదలమని మిషను చెప్పగానే వదిలాను. మళ్లీ తీసుకున్నాను. లోపలికి వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత ఫలితం చెప్పారు. అది కొవ్వుగడ్డ. క్యాన్సర్ కాదు. కిడ్నీ తియ్యక్కర్లేదు, ఏడాదికోసారి మామూలు పొట్ట స్కానింగ్‌తో చూసుకుంటే చాలు. మల్లేశం బయటికొచ్చి బండి స్టాండు తియ్యకుండానే కిక్కు కొట్టాడు. ఇంటికి పోయి వదిన ఊరెళ్లిందని రూఢి చేసుకుని వంకాయ కూర వండాను.

ఆ తర్వాత

పనిలోకి వెళ్లిన మొదటిరోజే ఆఫీసులో నా ఆరోగ్య పరీక్ష కాగితం అడిగి తీసుకుని, దానిమీద కూడా గీత గీశాను. పదిరోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ పదిరోజులు మల్లేశం నాతో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తర్వాత పిలిచి లేబుళ్ల స్టోర్లో వేశారు. అక్కడ పొడి లేదు. సెక్షన్ భత్యం పోయింది. మల్లేశం పగటి కాపలాకు తోడు సాయంత్రాలు వాటర్ ట్యాంకరు మీద వెళ్లడం మొదలుపెట్టాడు. బతుకుతున్నాం.

యాదమ్మ దగ్గరికి వెళ్లి, నీ కాగితం మీద కూడా గీత గీయనియ్యమని అడిగాను. ఆమెకు కోపం వచ్చింది. “నీ ఇంట్ల ఇంకొక్క మనిషి చెయ్యి ఆడుతది అక్కా. నా ఇంట్ల ఎవలున్నరు?” అంది. అది నిజమే. రాసింది నేనైనా కొలువు ఆమెది. గీయలేదు. ఏడాదిపాటు క్యాంటీన్లో ఆమె నా బల్ల దగ్గర కూర్చోలేదు. ఎవరైనా దగ్గితే మాత్రం నేను ఆమె వైపే చూసేదాన్ని.

మళ్లీ ఆగస్టు వచ్చింది. మెట్రో కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్వేసి ఉంది, పనిలోకి రోజూ ఆలస్యంగానే చేరుతున్నాం. ఆరోగ్య పరీక్ష కాగితాలు వచ్చాయి. ఈసారి ఎవరిదీ నేను రాయనని ముందే చెప్పేశాను. రెండు రోజుల తర్వాత స్టోరు కిటికీ దగ్గరికి యాదమ్మ వచ్చింది. చేతిలో తన కాగితం. ఆ ఒక్క గడి చుట్టూ ఆఫీసువాళ్లు ఎర్రగా సున్నా చుట్టి వెనక్కి పంపారు. ఖాళీగా వదిలేసిందట. మా కంపెనీలో ఖాళీ గడి ఉండకూడదు కదా.

“ఏం రాయాల్నో తెల్వక వదిలేసిన,” అంది.

ఆమె చుట్టూ చూసి, జాకెట్టు చెయ్యి మోచేతి పైదాకా మడిచింది. మణికట్టునుంచి మోచేతిదాకా గీక్కున్న మచ్చలు, పాతవాటి మీద కొత్తవి. తర్వాత, స్టోర్ల ఇంకో మనిషికి జాగ ఉంటదా అని మెల్లగా అడిగింది. తెలియదన్నాను, అడుగుదామన్నాను. కలం ఆమెకే ఇచ్చాను. తన రాత బాగుండదంది. ఫరవాలేదన్నాను.

వంగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. గడి సరిపోలేదు, మాటలు పక్కగడిలోకి కూడా పోయాయి. సంతకం పెట్టి కలం తిరిగి ఇస్తూ ఆగింది.

“పోయినేడు కాగితంల నిల్ అనే ఉన్నది కద అక్కా, గదెట్ల?”

“అది నేను రాసింది,” అన్నాను. “గీత నేనే గీస్త, పా.”

స్టోరుకు తాళం వేసి, ఆమెతో కలిసి ఆఫీసు మెట్లు ఎక్కాను.